కుడి భుజం

సెలెక్షన్ మీటింగు దగ్గరపడేకొద్దీ గుమ్మం ముందు చెప్పులు మారిపోతాయని హైమవతి కనిపెట్టింది. మామూలు రోజుల్లో పనిమనిషి బుల్లెమ్మ రబ్బరు చెప్పులు, అత్తగారితో కబుర్లకొచ్చే పక్కింటి పద్మావతమ్మగారి మెత్తటి చెప్పులు తప్ప అక్కడ ఇంకేమీ ఉండవు. భారత జట్టు ఎంపిక దగ్గరికొచ్చిందనగానే తోలు బూట్లు మొదలవుతాయి. కొన్ని దూరపు చుట్టాలవి, కొన్ని ఆ చుట్టాల స్నేహితులవి. ఎవరూ క్రికెట్ ఊసెత్తరు. అత్తగారి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడుగుతారు. కాఫీ బాగుందంటారు. లేచి వెళ్ళేటప్పుడు మాత్రం, "అన్నట్టు, కోటేశ్వరరావుగారు బొంబాయి ఎప్పుడు వెళ్తున్నారు?" అంటారు.

రామకోటేశ్వరరావు జాతీయ సెలెక్టర్ అయిన దగ్గర్నుంచి హైమవతి ఇంట్లో ఒక నియమం పెట్టింది. పండైనా ఫలమైనా ఎవరు తెచ్చినా పుచ్చుకోకూడదు. పుచ్చుకోక తప్పకపోతే మర్నాటికల్లా తిరిగి వెళ్ళిపోవాలి. బందరు లడ్డూల డబ్బా వస్తే దాని అడుగున కాగితం ఎత్తి చూసేది. ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు. అయినా చూడకుండా ఉండలేకపోయేది.

ఆ రోజు గుమ్మం ముందున్నవి పవన్‌కుమార్ తెల్ల బూట్లు. అతను భర్తతో కలిసి రంజీ ఆడినవాడు. ఇప్పుడు ఎనికేపాడులో క్రికెట్ అకాడమీ నడుపుతున్నాడు. అకాడమీ కుర్రాడు సాత్విక్ బౌలింగ్ వేస్తున్న ఫ్లెక్సీ ఒకటి బెంజ్ సర్కిల్ దగ్గర నెల రోజులుగా వేలాడుతోంది.

"వదినగారూ, నేను అన్నయ్య కోసం రాలేదు. మీ కాఫీ కోసం వచ్చాను."

"అయితే పొడి డబ్బాలో పోసిస్తాను. రోజూ రానక్కర్లేదు."

అతను గట్టిగా నవ్వాడు. అత్తగారు సీతారావమ్మ కూడా నవ్వింది. ఆవిడకు పవన్‌కుమార్ అంటే ఇష్టం. చేతిలో కప్పూ సాసరూ పట్టుకుని అతను వాళ్ళను మాటల్లో పెట్టాడు. టెస్టు సిరీస్‌కు సీనియర్ బౌలర్ ఒకతను మోకాలి ఆపరేషన్ వల్ల తప్పుకున్నాడు. ఆ ఒక్క ఫాస్ట్ బౌలర్ చోటు కోసం దేశమంతా గాలిస్తే చివరికి తేలిన ఇద్దరూ కృష్ణా జిల్లా వాళ్ళేనని పేపర్లు మురిసిపోతున్నాయి. ఒకడు సాత్విక్. రెండోవాడు ఉయ్యూరు వైపు నుంచి వచ్చిన జయపాల్.

"జయపాల్ మంచి బౌలరే. కాదనను. కానీ ఐదు రోజుల ఆట కదా వదినగారూ. బాడీ నిలబడాలి."

హైమవతి ఆ మాటను విననట్టే విని లోపల పెట్టుకుంది. కాఫీ కోసం వచ్చిన మనిషికి జయపాల్ ఒంటి సంగతి ఎందుకు?

మేడ మీద భర్త ఫోన్లో హిందీలో మాట్లాడుతున్నాడు. ఈమధ్య ఫోన్ వస్తే మేడ మీదికి వెళ్ళడం అలవాటైంది. పవన్‌కుమార్ వచ్చాడని చెప్పడానికి ఆమె మెట్లెక్కేసరికి ఫోన్ పెట్టేసి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. తెరమీద జయపాల్ పరుగెత్తుకొచ్చి బంతి విసిరాడు. భర్త వెనక్కి తిప్పాడు. జయపాల్ మళ్ళీ పరుగెత్తుకొచ్చాడు. అదే బంతి. మళ్ళీ తిప్పాడు.

"బాగా వేస్తాడా ఆ అబ్బాయి?"

ఆయన మూత మూసేశాడు. "పవన్ ఎందుకొచ్చాడు?"

"కాఫీకట."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చోటు సాత్విక్‌దేనని అప్పటికే మాట అయిపోయి ఉంటుందని, ఈయన జయపాల్‌లో తప్పు వెతుకుతున్నాడని ఆమెకు అనిపించింది. అడిగితే చెప్పడు. అడగకూడదని నియమం పెట్టిందీ తనే.

*

మర్నాడు మధ్యాహ్నం గుమ్మం ముందు జతగా గోడకానించి పెట్టిన నల్ల చెప్పులు కనిపించాయి. ఒకదానికి పక్కన కుట్టు వేయించి ఉంది. భర్త మూలపాడు గ్రౌండుకు వెళ్ళాడు. హాల్లో సోఫా అంచున ఒకామె కూర్చుని ఉంది. అంచు నీలంగా ఉన్న తెల్ల చీర, ఒళ్ళో గుడ్డతో మూతికట్టిన స్టీలు గిన్నె. సీతారావమ్మ టీవీ సౌండు తగ్గించి ఆమెను ప్రశ్నలు అడుగుతోంది.

"ఏ ఊరన్నావమ్మా?"

"ఉయ్యూరు దాటాక అండి. అంగన్‌వాడీ టీచర్నండి."

"పేరు?"

"తెరేసమ్మండి."

"ఓహో" అని సీతారావమ్మ వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి బుల్లెమ్మ కాఫీ తెచ్చింది. కాగితం కప్పులో తెచ్చింది. పుట్టినరోజు ఫంక్షన్‌కు తెప్పించగా మిగిలిన కప్పులు పైఅరలో ఉన్నాయి. వాటిని దింపడానికి స్టూలు జరిపిన చప్పుడు హైమవతికి అంతకుముందే వినిపించింది. తెరేసమ్మ ఆ కప్పును రెండు చేతులతో పట్టుకుని చివరిదాకా తాగింది. ఖాళీ కప్పును బల్లమీద పెట్టకుండా నాలుగు మడతలు పెట్టి తన సంచీలో వేసుకుంది. హైమవతి కర్టెన్ కుచ్చులు సర్దుతూ ఉండిపోయింది.

సీతారావమ్మ తిరిగి రాదని రూఢి చేసుకున్నాక తెరేసమ్మ గొంతు తగ్గించింది.

"నేను జయపాల్ వాళ్ళమ్మనండి."

హైమవతి దగ్గర ఇలాంటప్పుడు చెప్పే మాట తయారుగా ఉంటుంది. "ఆయన ఇంట్లో టీమ్ సంగతులు మాట్లాడరండి. మేమూ అడగం. ఏమీ అనుకోవద్దు."

"అడగొద్దండి. ఈసారికి మావోణ్ణి తీసుకోవద్దని చెప్తే చాలండి."

హైమవతి కర్టెన్ వదిలేసి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"కుడి భుజం బాలేదండి ఆడికి. ఆ పక్కకి ఒత్తిగిలి పడుకోడు. బిళ్ళలు మింగి ప్రాక్టీసుకు పోతన్నాడు. డాక్టరు కాడికి పదరా అంటే, పేరు బయటికి పొద్ది, ఇప్పుడు కాదంటాడు. ఎవరికీ చెప్పనని నాచేత బైబిల్ మీద చెయ్యి వేయించాడు." ఆమె గిన్నె మూతికట్టిన గుడ్డ ముడిని వేళ్ళతో సవరిస్తోంది. "చెయ్యి వేసి కూడా వచ్చానండి. దేవుడు నన్నేం చేసినా సరే. ఐదు రోజుల ఆటండి అది. బాడీ నిలబడాలి కదా."

ఆ మాట దగ్గర హైమవతి లోపల ఏదో తలుపు మూసుకుంది. నిన్న ఇదే హాల్లో పవన్‌కుమార్ అన్న మాట, అదే వరస.

"మీవాడికి ఇంత అవకాశం వస్తుంటే మీరే వద్దంటున్నారా?"

"వచ్చే ఏడన్నా పిలుపొస్తదండి. చెయ్యి పోతే మళ్ళీ రాదు కదండీ. ఆడికి అది తప్ప ఇంకో పని రాదు." తెరేసమ్మ లేచింది. "నేను వచ్చానని మాత్రం ఆడికి తెలీకూడదండి. తెలిస్తే జన్మలో నా మొహం చూడడు. మీరు మాటివ్వాలి."

"ఎవరికీ చెప్పను" అంది హైమవతి. అంత మాట ఇవ్వడంలో నష్టం లేదనిపించింది.

గిన్నె మాత్రం హైమవతి తీసుకోనంది. "గేదె ఈనిందండి. జున్ను. కొనుక్కొచ్చింది కాదు కదండీ" అని తెరేసమ్మ దాన్ని గుమ్మం పక్కన పెట్టేసి చెప్పులు తొడుక్కుంది. హైమవతి బాల్కనీలోకి వెళ్ళింది. వచ్చినవాళ్ళు తిరిగి వెళ్తూ ఏ వాహనం ఎక్కుతారో చూడటం కూడా ఆమె అలవాట్లలో చేరింది. తెరేసమ్మ సందు చివరిదాకా నడిచింది. అక్కడ ఒక తెల్ల వ్యాన్ ఆగి ఉంది. దాని ఒంటిమీద నీలం అక్షరాల్లో పవన్‌కుమార్ అకాడమీ పేరు. తలుపు తెరుచుకుంది. ఆమె ఎక్కింది.

హైమవతికి నవ్వొచ్చింది. ఎంత తేలిగ్గా పట్టేసింది! తల్లినే పట్టుకున్నారు. ఏం ఆశ పెట్టారో, ఏం చెప్పి భయపెట్టారో! కన్నతల్లి వచ్చి వద్దంటే ఇంకెవరు కాదంటారు?

"వాళ్ళింటి జున్ను మనమేం తింటాం. బుల్లెమ్మకిచ్చెయ్" అంది సీతారావమ్మ వెనకనుంచి. "గిన్నె మాత్రం వట్టిది పంపకు. పాడి గల ఇంటి గిన్నె వట్టిగా పోకూడదు. గేదెకు మంచిది కాదు."

*

సాయంత్రం భర్త వచ్చేసరికి ఆమె ఒక నిర్ణయానికి వచ్చి ఉంది. చెప్పకూడదు. చెబితే పవన్‌కుమార్ మాటను తను మోసుకెళ్ళి చేర్చినట్టే. "ఎవరో గుమ్మంలో జున్ను పెట్టిపోయారు. రేపు గిన్నె తిరిగిచ్చేస్తాను" అని మాత్రం చెప్పింది. ఆయన తలూపి మేడమీదికి వెళ్ళాడు. పైనుంచి వీడియోలో బంతికి బ్యాటు తగిలిన చప్పుడు, జనం అరుపు, మళ్ళీ అదే పరుగు.

కానీ ఆ ముడి ఆమెను వదల్లేదు. పప్పు తిరగమోత వేస్తున్నప్పుడూ, బట్టలు మడతపెడుతున్నప్పుడూ తెరేసమ్మ వేళ్ళే కనిపించాయి. అబద్ధం చెప్పడానికి వచ్చిన మనిషి ఎదుటివాళ్ళ కళ్ళలోకి మరీ ఎక్కువగా చూస్తుంది. ఈమె గిన్నె వంకే చూసింది. అయితే ఆ వ్యాన్ ఏమిటి?

గిన్నెను ఎవరిచేతైనా పంపవచ్చు. మర్నాడు హైమవతి దాన్ని చింతపండుతో తోమి, తుడిచి, అడుగున గుప్పెడు బియ్యం పోసి, పైన అచ్చు బెల్లం ముక్క పెట్టి, తనే బస్సెక్కింది.

కంకిపాడు దాటేసరికి మబ్బు పట్టింది. రోడ్డుకు రెండువైపులా చెరకు నిలువెత్తున పెరిగి ఉంది. ఉయ్యూరులో దిగి ఆటో ఎక్కింది. బౌలర్ జయపాల్ ఇల్లు అనగానే ఆటో అతను వెనక్కి తిరిగి, "మీరు పేపరోళ్ళా?" అన్నాడు. కాదంటే నమ్మలేదు. కాలువగట్టు దిగాక చర్చి పక్కన రెండు గదుల డాబా ముందు ఆపాడు. కొట్టంలో గేదె, దాని పక్కన బొడ్డు ఇంకా ఎండని దూడ.

తెరేసమ్మ ఆమెను చూసి వాకిట్లోనే నిలబడిపోయింది.

"ఆడు వచ్చే టైమండి" అంది. నమస్కారం కూడా మరిచిపోయింది.

"గిన్నె ఇవ్వడానికి వచ్చాను. వెంటనే వెళ్ళిపోతాను. ఒక్కటి చెప్పండి. నిన్న మీరు ఎక్కిన వ్యాన్ ఎవరిది?"

"అకాడమీదండి. మా తమ్ముడు జక్కయ్య తోల్తాడు. పిల్లల్ని దింపేసి ఖాళీగా పోతంటే నన్నెక్కించుకున్నాడు. పటమటలో డ్వాక్రా మీటింగని చెప్పాను ఆడికి."

"పవన్‌కుమార్‌గారు మీతో ఏమైనా అన్నారా?"

"ఆయన నాతో మాట్లాడతారా అండి! టీవీలో అన్నారు. ఐదు రోజుల ఆట, బాడీ నిలబడాలని. అది విన్నకాడ్నించీ నాకు కన్ను మూతపడ్డం లేదు." అంటూనే ఆమె ఆగింది. హైమవతి ముఖంలోకి చూసింది. "నన్ను ఆయన పంపాడనుకున్నారా?"

హైమవతి గిన్నెను ఆమె చేతికి అందించింది.

"అనుకుంటారు లెండి" అంది తెరేసమ్మ. కోపంగా కాదు. వర్షం వచ్చేలా ఉందని చెప్పినట్టు. కుర్చీ తెచ్చి వేసింది. గిన్నెలో బియ్యాన్నీ బెల్లాన్నీ చూసి, దూడవైపు ఒకసారి చూసి, లోపల పెట్టివచ్చింది.

బైక్ చప్పుడైంది. జయపాల్ దిగాడు. టీవీలో కంటే సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. భుజాన వేలాడాల్సిన కిట్ బ్యాగు పెట్రోల్ ట్యాంకు మీద ఉంది. హైమవతిని గుర్తుపట్టేసరికి అతని ముఖం ఎర్రబడింది.

"మేడమ్‌గారూ! మీరు ఇక్కడికి..."

తెరేసమ్మ నోరు తెరిచింది.

"మీ మామయ్య జక్కయ్య జున్ను ఇచ్చి వెళ్ళాడు" అంది హైమవతి. "గిన్నె వట్టిగా పంపకూడదని మా అత్తగారి పట్టు. ఉయ్యూరులో పనుండి ఇటు వచ్చాను."

"మామయ్యకు బుద్ధి లేదండి" అన్నాడు జయపాల్. "టీమ్ ఎంపిక ముందు సెలెక్టర్ గారింటికి జున్ను పంపుతాడా! ఏమనుకుంటారు ఎవరైనా? సార్‌కి చెప్పండి మేడమ్, నాకు తెలీదని. నేను బౌలింగ్ మీదే వస్తాను. రాకపోతే ఇంట్లో కూర్చుంటాను."

ఆ మాటకు హైమవతికి అతనిమీద గౌరవం కలిగింది. అంతలో చినుకులు మొదలయ్యాయి. "బట్టలు!" అంది తెరేసమ్మ. కొడుకు ఆమెకంటే ముందు పరుగెత్తాడు.

దండెం ఎత్తుగా కట్టి ఉంది. జయపాల్ ఎడమచేత్తో దుప్పటి లాగాడు. తర్వాత చీర, తువ్వాలు. అన్నీ ఎడమచేత్తోనే. కుడి మోచెయ్యి మాత్రం డొక్కకు అంటుకునే ఉంది. దండెం కుడికొసన చొక్కా ఒకటి మిగిలింది. కుడిచెయ్యి చాపితే అందేది. అతను చాపలేదు. మనిషి మొత్తంగా తిరిగి, వెనక్కి నడిచి, ఎడమచెయ్యి పెట్టాడు.

హైమవతికి తన భుజం గుర్తొచ్చింది. అది పట్టేసిన రోజుల్లో పై అరలో డబ్బా తీయాలంటే ఆమె కూడా అలాగే మొత్తం తిరిగేది. నొప్పి అని ఎవరికీ చెప్పకముందే ఒళ్ళు దాన్ని దాచడం నేర్చుకుంటుంది. గుమ్మంలో తెరేసమ్మ కొడుకును చూడటం లేదు. చూస్తున్న హైమవతిని చూస్తోంది.

*

మర్నాడు ఉదయం రామకోటేశ్వరరావు సూట్‌కేసు సర్దుకుంటున్నాడు. ముందు బెంగళూరు, అక్కడ బౌలర్ల ఫిట్‌నెస్ పరీక్షలు చూసుకుని బొంబాయి. హైమవతి ఇస్త్రీ చొక్కాలు తెచ్చి పక్కన పెట్టింది.

"జయపాల్ కుడి భుజం బాగాలేదు."

సాక్సులు మడుస్తున్న చేతులు ఆగిపోయాయి. "ఎవరు చెప్పారు?"

"నేనే చూశాను. ఆ జున్ను గిన్నె వాళ్ళింటిదే. ఇవ్వడానికి వెళ్ళినప్పుడు దండెం మీంచి బట్టలు తీస్తున్నాడు. కుడిచెయ్యి పైకెత్తలేదు."

ఆయన తలెత్తి ఆమెను చూశాడు. ఆ చూపు ఆమెకు బాగా తెలుసు. గుమ్మం ముందు కొత్త చెప్పుల్ని తను చూసే చూపు అది. తనమీద పడటం మాత్రం ఇదే మొదలు.

"పవన్ నీతో మాట్లాడాడా?"

"నాతోనా? ఎందుకు?"

"పొద్దున్నే ఫోన్ చేశాడు. జయపాల్ ఫిట్‌నెస్ ఒకసారి గట్టిగా చూసుకో అన్నయ్యా అన్నాడు. నేను పెట్టేశాను. ఇప్పుడు నువ్వు. పిలవని పేరంటానికి ఉయ్యూరు వెళ్ళి, ఆ కుర్రాడు బట్టలు తీస్తుంటే చూసొచ్చానంటున్నావు. వింటానికి ఎలా ఉందో చూసుకో హైమా."

"నేను అలాంటిదాన్నా?"

"కాదు. అందుకే నీచేత చెప్పించి ఉంటాడు. నీకు తెలియకుండానే."

ఒక్క పేరు చెబితే చాలు. తల్లే వచ్చింది, ఆ సోఫాలోనే కూర్చుంది అంటే ఈయన మరుక్షణం నమ్ముతాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈయన నోటినుంచి ఇంకో సెలెక్టర్‌కు, ఆయన నుంచి ఫిజియోకు, అక్కడినుంచి ఆ కుర్రాడికి చేరడానికి ఎంతసేపు? తను చూసిన ఇన్ని మీటింగుల్లో బయటికి పొక్కని మాట ఒక్కటీ లేదు. ఆమె చొక్కా కాలరు సవరించి పెట్టెలో పెట్టింది.

"నా మాట నమ్మొద్దు. పవన్ మాటా నమ్మొద్దు. ఎటూ అందర్నీ పిలిచారు కదా. అందరికీ భుజాలు స్కానింగ్ చేయించండి. జయపాల్ ఒక్కడికే కాదు. సాత్విక్‌కి కూడా. బాగుంటే ఎవరికీ నష్టం లేదు."

"అందరికీ" అన్నాడాయన. పెట్టె మూత మూయబోయి ఆగాడు. "ఆ వీడియోలో, చివరి స్పెల్లో వాడి చెయ్యి కొంచెం కిందినుంచి..." అని ఆపేసి, ఆమె వంక చూడకుండా ఫోన్ తీసుకుని మేడమీదికి వెళ్ళాడు. ఏం మాట్లాడాడో ఆమెకు వినిపించలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఎప్పటిలా "వెళ్ళొస్తా" అన్నాడు కానీ, ఎప్పటిలా ఆమె పేరు పిలవలేదు.

*

జట్టును ప్రకటించినప్పుడు సీతారావమ్మ, హైమవతి టీవీ ముందున్నారు. పదహారుమంది పేర్లలో చివరి బౌలర్ సాత్విక్. భుజం గాయం వల్ల జయపాల్ పేరును పరిశీలించలేదని కింద చిన్న అక్షరాలు పరుగెత్తాయి. ఎనికేపాడు వైపునుంచి బాణాసంచా వినిపించింది. హైమవతి ఫోన్లో కాలేజీ స్నేహితుల గ్రూపు, చుట్టాల గ్రూపు ఒకేసారి మోగాయి. సెలెక్టర్‌కూ అకాడమీకీ ఉన్న స్నేహం గురించి ఒకరు, ఎవరి పిల్లాణ్ణి ఎవరు తొక్కేశారో ఇంకొకరు రాశారు. 'హైమా, నువ్వు ఈ గ్రూపులో ఉన్నావని మర్చిపోయాం' అని ఒకామె నవ్వు బొమ్మ పెట్టింది.

పవన్‌కుమార్ స్వీటు డబ్బాతో వచ్చాడు. ఆమె తలుపు దగ్గరే నిలబడింది.

"మావాణ్ణి కూడా స్కానింగ్ గొట్టంలో పడుకోబెట్టారు వదినగారూ. హడలిపోయాడు వెధవ. అంతా మన మంచికే."

"డబ్బా మీరు తీసుకెళ్ళండి" అంది. అతను నొచ్చుకున్నాడు.

భర్త ఇంకా బొంబాయిలో ఉండగానే, రెండోనాటి ఉదయం తల్లీకొడుకులు వచ్చారు. అత్తగారు పద్మావతమ్మగారితో దుర్గ గుడికి వెళ్ళడం అదృష్టం అనుకుంది హైమవతి. జయపాల్ కుడిచెయ్యి మెడనుంచి కట్టిన పట్టీలో ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. తెరేసమ్మ అతని వెనక గోడవారగా నిలబడింది.

"సార్ లేరని తెలుసండి. మీతోనే పని" అన్నాడు. "ఎప్పుడూ పరుగు పెట్టిస్తారు, బంతులు వేయిస్తారు. ఆ రెండూ దాటేసేవాణ్ణి. ఈసారి అందరికీ భుజాలు స్కానింగ్ అన్నారు. భుజాలే ఎందుకండీ? మోకాళ్ళు లేవా, నడుములు లేవా?"

"డాక్టర్లు ఏమన్నారు బాబూ?"

"చిన్న చిరుగంట. కొయ్యక్కర్లేదు, ఆర్నెల్లు కదపకుండా ఉంటే మానుద్దంట. ఇలాగే ఒక టెస్టు ఆడుంటే చెయ్యి పోయేదంట." అతను పట్టీలోని చెయ్యి వంక చూసుకున్నాడు. "పోతే పోయేది మేడమ్! ఇండియాకి ఆడినోణ్ణి అయ్యేవాణ్ణి. ఒక్క మ్యాచ్ ఆడినా ఆడినట్టేగా. ఇప్పుడేంటి నేను? సాత్విక్ పది వికెట్లు తీస్తే నా పేరు ఎవడు తలుచుకుంటాడు?"

హైమవతి కుర్చీ అతని దగ్గరికి జరిపింది. అతను దాని వంక చూడలేదు.

"ఎవరో చెప్పారండి. ఫిజియోకి తెలీదు, కోచ్‌కి తెలీదు. మామయ్యక్కూడా తెలీదు. నాకు తెలుసు, దేవుడికి తెలుసు. ఇంకా..."

అతను మాట మధ్యలో ఆగాడు. ఆ ఆలోచన అప్పుడే వచ్చినట్టు, రాకపోతే బాగుండునన్నట్టు, మెల్లగా మెడ తిప్పాడు. తెరేసమ్మ నేలచూపులు చూస్తోంది. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. ఇంకొక్క క్షణం ఆగితే ఆ వేళ్ళే చెప్పేస్తాయి.

"అమ్మా..." అన్నాడు జయపాల్.

"నేనే చెప్పాను" అంది హైమవతి.

అతను ఇటు తిరిగాడు.

"గిన్నె ఇవ్వడానికి వచ్చిన రోజు చూశాను. నువ్వు దండెం మీంచి బట్టలు తీశావు. కుడిచెయ్యి ఎత్తలేదు. ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను."

"గిన్నె" అన్నాడతను. ఆ రోజంతా అతని కళ్ళముందు మళ్ళీ జరుగుతున్నట్టుంది. "అందుకా వచ్చింది? మా ఇంట్లో కూర్చుని, మా కుర్చీలో కూర్చుని, నా చెయ్యి చూడ్డానికొచ్చారా? సాత్విక్ కోసం?"

కాదు అనడానికి ఆమె పెదవి కదిలింది. కాదంటే, మరి ఎందుకొచ్చావంటాడు. ఎవరి మాటమీద వచ్చావంటాడు. ఆ చూపు మళ్ళీ గోడవారకు వెళ్తుంది.

"నువ్వేమనుకున్నా సరే" అంది.

జయపాల్ ఎడమచెయ్యి పిడికిలి బిగిసింది. ఒక పెద్దమనిషి ఇంట్లో, తల్లి ముందు, ఆడమనిషితో ఇంకేం మాట్లాడాలో తెలియక అతను నిలబడిపోయాడు. కళ్ళు నిండాయి. అప్పుడు తెరేసమ్మ ముందుకొచ్చింది. కొడుకు ఎడమరెక్క పట్టుకుంది.

"పద నాన్నా. పెద్దోళ్ళ కడుపులో ఏముంటదో మనకేం తెలుసు. మన గడప తొక్కితే మంచి మనిషనుకున్నాను. మనల్ని తూకం వేసుకోడానికి వచ్చిందని అప్పుడు తెలీలేదు."

ఆ మాటలు హైమవతి ముఖంలోకి చూస్తూనే అంది. గొంతు తడబడలేదు. కన్ను చెదరలేదు. తలుపు దాకా కొడుకును నడిపించుకెళ్ళి, వెనక్కి తిరగకుండానే తలుపురెక్క దగ్గరగా వేసింది.

ఎవరి గొంతులో ఏముందో హైమవతికి ఇట్టే తెలిసిపోతుంది. తెలుస్తుందనే ఇన్నాళ్ళూ అనుకుంది. ఇప్పుడు ఆ మాటల్ని ఒక్కొక్కటిగా మళ్ళీ విని చూసుకుంది. కొడుకు వినాలని అన్నదెంత, తను వినాలని అన్నదెంత? ఎక్కడైనా ఒక్క అక్షరం అతికినట్టుందేమోనని వెతికింది. దొరకలేదు. అన్నీ నిజంగా అన్నట్టే ఉన్నాయి.

బాల్కనీలోకి వెళ్ళింది. సందులో స్కూటర్లు అటూ ఇటూ దూసుకుపోతున్నాయి. జయపాల్ తలొంచుకుని రోడ్డు మధ్యలో నడుస్తున్నాడు. తెరేసమ్మ అతని వెనకనుంచి చుట్టి వచ్చి, పట్టీ కట్టిన చేతివైపుకు మారి, స్కూటర్లకూ అతనికీ మధ్యన నడవడం మొదలుపెట్టింది.